మార్తమ్మత్త సరిచూసిన మైనస్

పోయిన నెల ఒక యువ అధ్యాపకుడు మా ఇంటికి వచ్చాడు. పాత థీసిస్‌ల జాబితాలో నా పేరు చూశాడట. థీసిస్‌లో లేని పని గురించి ఎవరో చెప్పగా విని, అదేమిటో తెలుసుకుందామని వచ్చానన్నాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, నేను చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. విని, ఒళ్ళో కంప్యూటరు తెరిచి నాలుగైదు వరుసలు కొట్టాడు. నేను లోపలికెళ్ళి కాఫీ కలుపుకొచ్చేసరికి తెర నిండా అక్షరాలు పరుచుకుని ఉన్నాయి. చివరి వరుస చూపించి, "మైనస్సే మేడమ్, మీరు చెప్పినట్టే వచ్చింది" అన్నాడు. తర్వాత మెచ్చుకోలుగా, ఇది ఎమ్మెస్సీ పిల్లలకు ఇంటిపనిగా ఇవ్వడానికి బాగుంటుందన్నాడు. అతను వెళ్ళాక నాకు అన్నం సయించలేదు. ఎనభై దాటిన మనిషికి ఇంత కోపం మిగిలి ఉంటుందని నేననుకోలేదు. అది అతని మీద కోపం కాదు, ఆ యంత్రం మీదా కాదు. ఎవరి మీదో తెలుసు కాబట్టే ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది మైపాడు దగ్గర పల్లె. సముద్రం కనపడదు గానీ దాని హోరు వినపడుతుంది. మధ్యలో సరుగుడు తోటలు. గాలి ఆ తోటల్లోంచి వచ్చేటప్పుడు అచ్చం వాన పడుతున్నట్టే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎండలో ఆరేసిన బట్టలు తీయడానికి పరిగెత్తేవాళ్ళు. నాయన ఆ తోటల్లో కొట్టుడు పనికి మేస్త్రీ. కొట్టిన కట్టె బండ్ల మీద నెల్లూరికి పోయేది. మా ఇంట్లో పొయ్యిలోకి సరుగుడు చెక్కపేళ్ళే కాబట్టి అన్నానికీ బట్టలకీ అమ్మ వెంట్రుకలకీ అదే పొగ వాసన. మేము క్రైస్తవులం. పొద్దున్నే ప్రార్థన, ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో అందరిలాగే కట్టె, చేపలు, వడ్లు. నేను నెల్లూరులో చదివి, మద్రాసులో ఫిజిక్సు ఎమ్మెస్సీ చేసి, అక్కడే పరిశోధనలో చేరాను. మా వీధిలో ఆడా మగా ఎవరూ అంతవరకు పోలేదు. ఏం చదువుతున్నావని అడిగితే మొదట్లో వివరంగా చెప్పేదాన్ని. తర్వాత తర్వాత "లెక్కలు" అని ఊరుకునేదాన్ని.

మా ప్రొఫెసరు గారు అరవం మాట్లాడే సన్నటి మనిషి. ఎప్పుడూ మెల్లగా మాట్లాడేవారు. బోర్డు తనే తుడుచుకునేవారు, ఇంకొకరు తుడిస్తే ఒప్పుకునేవారు కాదు. ఆయన నాకిచ్చిన సమస్య ఇది. ఎలక్ట్రాను లాంటి కణాలకు స్పిన్ అని ఒక గుణం ఉంటుంది. ఎలక్ట్రానుకు అది అర. ఒకటిన్నర స్పిన్ ఉన్న కణాలు కూడా ఉన్నాయని అప్పటికి తెలిసింది. అలాంటి కణం ఒకటి విద్యుదావేశంతో వచ్చి బలమైన అయస్కాంత క్షేత్రంలోకి దూరితే ఎటు చెదురుతుంది, ఎంత చెదురుతుంది? పరిక్షేపణం అంటారు దాన్ని. అర స్పిన్‌కు ఆ లెక్క అప్పటికే అందరూ చేసేశారు. ఒకటిన్నరకు సమీకరణం ఉంది గానీ, దాంతో ఈ లెక్కను కడదాకా చేసినవాళ్ళు మాకు తెలిసినంతలో లేరు. ఆ సమీకరణంలో ఒక చిక్కు ఉంది. ఎనిమిది గదులు చాలిన చోట పదహారు గదుల ఇల్లు కట్టినట్టు ఉంటుంది అది. అక్కర్లేని ఎనిమిది గదులకూ తాళాలు వేయడానికి కొన్ని షరతులు పెడతారు. ఆ షరతులు కాపాడుకుంటూ, ఒక్కో పుటకు నలభై యాభై పదాలున్న బీజగణితాన్ని చేత్తో చేసుకుంటూ పోవాలి. ఒక్క చోట గుర్తు తప్పు పడితే ఆ తర్వాత రాసినవన్నీ చిత్తుకాగితాలే.

మొదటిసారి పూర్తి చేయడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. చివరికి వచ్చిన జవాబులో ఒక కీలకమైన రాశి ఉంది. ఒకటి, దాని పక్కన ఒక భిన్నంతో గుణించిన క్షేత్రం బలానికి వర్గం. ఆ రెండింటి మధ్య ప్లస్ ఉంటే ఏ ఇబ్బందీ లేదు. నాకు మైనస్ వచ్చింది. అంటే క్షేత్రం ఒక హద్దు దాటి పెరిగితే ఆ రాశి సున్నా అయి, ఆపైన ఋణమవుతుంది. కణం చెదిరే అవకాశం ఆ రాశిని బట్టే ఉంటుంది. ఏదైనా జరిగే అవకాశం సున్నా కావచ్చు గానీ సున్నా కంటే తక్కువ కావడానికి వీల్లేదు. అది అర్థం లేని జవాబు. ప్రొఫెసరు గారు చివరి పుట ఒక్కటే చూసి, ఎక్కడో గుర్తు తప్పింది, వెతకమన్నారు. నేను మళ్ళీ మొదటి నుంచి చేశాను. మళ్ళీ మైనస్. ఈసారి ఆయన కాగితాలు చేతిలోకి కూడా తీసుకోలేదు. మనిషి చేసిన తప్పునే రెండోసారి కూడా అదే చోట చేయడం మామూలేనని, అలవాటు పడిన చెయ్యి అక్కడ తడబడుతుందని చెప్పారు. అందులో అన్యాయం లేదు. నిజమే కూడా. ఆ మెల్లటి గొంతు మాత్రం భరించలేకపోయేదాన్ని. అరిచి ఉంటే బాగుండేదేమో. హాస్టలు గదికొచ్చి ఆ కట్ట మంచం కిందికి తన్నాను. మరునాడు నేనే బయటికి లాగి దుమ్ము దులిపాను.

అలా మూడోసారి మొదలుపెట్టిన కొన్ని వారాలకు కామెర్లు వచ్చాయి. నాయన వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. రైలులో నేను పడుకుంటే తలకింద దిండుగా పెట్టింది ఆ కాగితాల సంచినే. ఇంటికి చేరాక రోజూ పొద్దున్నే నేల ఉసిరి ఆకు నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది అమ్మ. నూనె లేదు, కారం లేదు, చేప లేదు. నేను వసారాలో మంచం మీద జావ తాగుతుంటే లోపల మామిడికాయ వేసిన చేపల పులుసు ఉడుకుతుండేది. వాసన వచ్చిన ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది. అమ్మ పాపం పొయ్యిని పెరట్లోకి మార్చింది. గాలి పెరట్లోంచే వచ్చేది. ఆ నాలుగు నెలలూ నేను మంచి రోగిని కాను. కాగితాలు తీస్తే కళ్ళు తిరిగేవి, తీయకపోతే మనసు నిలిచేది కాదు. అమ్మ కాగితాలు దాచిపెడితే అరిచాను. నాయన బావి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

మార్తమ్మత్త నాయనకు అక్క. పెళ్ళయిన రెండో ఏట కలరాలో మామ పోతే పుట్టింటికి వచ్చి, మిషను బళ్ళో ట్రయినింగు అయి, పక్క పల్లెలో చిన్న బడికి టీచరైంది. ఐదో తరగతి వరకు ఒకటే గది, ఆమె ఒక్కతే టీచరు. చేపలు పట్టేవాళ్ళ పిల్లలు, కట్టె కొట్టేవాళ్ళ పిల్లలు. లెక్కలంటే ఆమెకు ప్రాణం. జవాబు సరిగ్గా వచ్చినా దారి తప్పుగా ఉంటే సున్నా వేసేది. ఆమె చీర కుచ్చిళ్ళ మీద ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. నోట్లో ఎండు అల్లం ముక్క ఉండేది. ఎవరినీ మెచ్చుకున్న గుర్తు లేదు. నేను ఎమ్మెస్సీ పాసయ్యానని నాయన చెబితే, "ఎన్ని మార్కులు పోయినాయి" అని అడిగింది. వేసవి సెలవులు కావడంతో ఆమె పొద్దున ప్రార్థన అయ్యాక వచ్చి నా మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేది. వారం రోజులు నన్ను చూసింది. ఎనిమిదో రోజు, ఆ కాగితాల్లో ఏముందో చెప్పమంది. ఇది చెబితే అర్థమయ్యేది కాదన్నాను. "నాకు అర్థం కావాలని ఎవురడిగినారు? గుర్తు తప్పింది, గుర్తు తప్పింది అని నిద్రలో కూడా అంటా ఉండావు. గుర్తులు చూడ్డానికి అర్థమెందుకు? లెక్క ఎట్టా నడస్తాదో అది చెప్పు చాలు" అంది.

విసుగుతోనే చెప్పడం మొదలుపెట్టాను. ఆ లెక్కలో గామా అనే అక్షరం వరుసలు వరుసలుగా వస్తుంది. ఒక్కోదానికి ఒక్కో అంకె. వేరు వేరు అంకెలున్న రెండు గామాలు పక్కపక్కన ఉంటే, వాటిని అటుదిటు చేసినప్పుడు ముందు మైనస్ పడుతుంది. ఒకే అంకె ఉన్నవి పక్కపక్కకు చేరితే రెండూ పోయి, వాటి చోట ఒకటో, మైనస్ ఒకటో మిగులుతుంది. ఆ అక్షరం తోక పైకెత్తి నీళ్ళలోకి మునిగే చేపలా ఉందని అత్త దానికి చేప అని పేరు పెట్టింది. "చేప ఒకటి, చేప మూడు, చేప ఒకటి" అని చదువుకునేది. వారం తిరక్కముందే చేపల్ని నాకంటే తొందరగా అటుదిటు మార్చడం మొదలుపెట్టింది. నాకు ఆశ్చర్యం వేయాల్సింది. వేయలేదు. కడుపు మండింది. రెండేళ్ళు మద్రాసులో తంటాలు పడి నేర్చుకున్నదాన్ని ఈమె అల్లం నములుతూ చేసేస్తున్నదేమిటని.

ఆ రోజుల్లో మా ఇంటి వేళలన్నీ ఆ లెక్కను బట్టే మారిపోయాయి. పొద్దున గాలి ఇంకా తోటల మీంచి లేవకముందే మొదలుపెట్టేవాళ్ళం. గాలి లేస్తే కాగితాలు ఆగవు. నాయన సముద్రం ఒడ్డు నుంచి బరువైన ఆల్చిప్పలు తెచ్చిపెట్టాడు, ఒక్కో కాగితానికి రెండేసి. అత్తకు కాగితం మీద లెక్క చేయడం చేతకాదు. బళ్ళోంచి నాలుగు పలకలు తెచ్చుకుని వరుసగా పేర్చుకునేది. నాలుగూ నిండాక, తేలిన వరుసను మాత్రం ఒక పాత హాజరు పట్టీలో ఎక్కించేది. దాని కుడివైపు గళ్ళలో చాలా పుటలు ఖాళీగా ఉండిపోయాయట. ఎడమవైపు పిల్లల పేర్లు, కుడివైపు నా గామాలు. పని చేస్తున్నంతసేపూ గొంతు లోపల ఒక కీర్తన కూనిరాగం తీస్తుండేది. ఆ రాగం ఆగిందంటే నా కాగితంలో తప్పు దొరికిందన్నమాట. రాగం ఆగితే నా గుండె ఆగేది. కొన్నిసార్లు అల్లం ముక్క మార్చుకోవడానికి ఆగేది. అప్పుడు కూడా ఆగేది.

ఆమెకు మొత్తం ఏడు తప్పులు దొరికాయి. మొదటిది దొరికిన రోజు నేను లేచి కూర్చున్నాను. ఇదే అది, దీంతో మైనస్ ప్లస్ అవుతుందనుకున్నాను. అక్కణ్ణుంచి మళ్ళీ చివరిదాకా చేయడానికి నాలుగు రోజులు పట్టింది. మారలేదు. ఆ తప్పు వల్ల మారాల్సిన పదాలు రెండూ చివర్లో ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. రెండోది, మూడోది కూడా అంతే. ఐదో తప్పు దిద్దాక నిజంగానే ప్లస్ వచ్చింది. ఆ పూట అమ్మ నాకు పప్పులో ఒక చుక్క నెయ్యి వేసింది. మరునాడు అత్త ఆరోది పట్టుకుంది, మళ్ళీ మైనస్. ఆ పలకను చూస్తే నాకు దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. ఈ ఒక్కటీ వదిలేయొచ్చు కదా అన్నాను, నవ్వులాటకే. అత్త నవ్వలేదు. పలక నా చేతికిచ్చి, ఎక్కడ వదలాలో చూపించమంది. నేను చూపించలేకపోయాను.

బడి తెరిచాక ఆమె సాయంత్రం పొద్దు ఉండగానే వచ్చి, వెలుగు పోయేవరకు కూర్చునేది. ఏడూ దిద్దాక కూడా జవాబు మారకపోవడంతో, ఇలా నా వెనకాల నడిస్తే లాభం లేదని ఆమే అంది. నా కాగితాలు చూడకుండా, మొదటి వరుస మాత్రం రాసుకుని, అక్కణ్ణుంచి తన దారిన తను చేస్తానంది. నేను నా దారిన మరోసారి చేయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. అలా ఆరు వారాలు. నా కళ్ళు తెల్లబడ్డాయి, ఆకలి వచ్చింది, అమ్మ పొయ్యి మళ్ళీ లోపలికి వచ్చింది. వసారాకు ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఇద్దరికీ మధ్య వడ్లు ఆరబోసేవాళ్ళు. నేను ముందు పూర్తి చేసి, ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. ఆమె తర్వాత మూడు రోజులకు పట్టీ మూసి నా దగ్గరికి వచ్చింది. నా కాగితం, ఆమె పట్టీ పక్కపక్కన పెట్టాం. ఆమె దారి వేరు, మధ్యలో పదాలు వేరు, చివరి వరుస ఒకటే. మైనస్.

నేను ఏడ్చాను. అత్త ఎందుకేడుస్తున్నావని అడిగింది. తప్పు దొరకలేదని చెప్పాను.

"లెక్కలో లేదు గనక దొరకలేదు. ఇద్దరం చేసినాం, ఇద్దరికీ అదే వచ్చినాది. తప్పు మనది కాదు కృపా, నీకిచ్చిన లెక్కదే" అంది.

అర్థం కాలేదన్నాను. ఆమె బడి సంగతి చెప్పింది. ఒక ఏడు కొత్త పుస్తకంలో ఒక లెక్క తప్పుగా అచ్చయిందట. ఎంత చేసినా నిండు బిందెలో నీళ్ళు సున్నా కన్నా తక్కువ వస్తున్నాయట. పిల్లలు తమ తప్పే అనుకుని తుడిచి తుడిచి చేశారట. పైనుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు కూడా పిల్లల్నే తిట్టారట. "పుస్తకంలో ఉండాది గదా అని ఎవురూ ఆ మొదటి వరుసను చూళ్ళేదు. నీది కూడా అట్టాంటిదే. ఆ సమీకరణమే సరింగా లేదు. ఆ తాళాలు ఊడిపోతా ఉండాయి" అంది. తాళాల సంగతి నేనే ఆమెకు ఒకసారి చెప్పాను.

నేను నవ్వాను. ఏడుస్తూ నవ్వాను. ఆ సమీకరణం రాసినవాళ్ళు ఎంతటివాళ్ళో, ఎన్నేళ్ళుగా దేశదేశాల్లో దాన్ని ఎంతమంది చదువుతున్నారో చెప్పాను. అది తప్పయితే ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడదా, మైపాడు దగ్గర వసారాలో కూర్చున్న మనకే కనపడిందా అన్నాను. ఆమె వాదించలేదు. "ఎవురు రాస్తే ఏంది, లెక్క లెక్కే గదా" అని పలకలు ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను మద్రాసు బయలుదేరే రోజు బస్సు దగ్గరికి వచ్చి ఆ హాజరు పట్టీని చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. మీ సారుకు చూపించు, దారి మొత్తం ఉంది అంది.

ప్రొఫెసరు గారి గదిలోకి వెళ్ళినప్పుడు ఆ పట్టీ నా ఒళ్ళో సంచిలో ఉంది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆయన నా ఆరోగ్యం అడిగారు, కుర్చీ చూపించారు, నా కొత్త కాగితాలు ఈసారి ఓపిగ్గా పదిహేను ఇరవై పుటలదాకా తిరగేశారు. మళ్ళీ మైనస్సే అని గమనించి కళ్ళజోడు తీసి పెట్టారు. కాసేపు కిటికీలోంచి చూశారు. తర్వాత, నేను ఊహించనిది అడిగారు. ఈ లెక్కను నేను కాక మరొకరు ఎవరైనా విడిగా చేశారా అని. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఆ క్షణంలో నా కళ్ళకు కనిపించింది గళ్ళ పట్టీ, అందులో ఎడమవైపు చేపలవాళ్ళ పిల్లల పేర్లు, పిల్లలకు రాసి చూపించే గుండ్రటి పెద్ద అక్షరాలతో గామాలు. ఐదో తరగతి వరకు చెప్పే టీచరమ్మ, మా మేనత్త, అని ఈయనకు ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? ఆ గదిలో ఇంకో ఇద్దరు పరిశోధక విద్యార్థులు కూడా ఉన్నారు. ఎవరూ చేయలేదండీ అన్నాను.

ఆయన తలూపారు. అయితే దీన్ని ఇక్కడ ఆపేద్దామన్నారు. ఒక్కరు చేసిన, ఎవరూ సరిచూడని, అర్థంలేని జవాబు వచ్చే లెక్క మీద ఇంకో ఏడాది పెట్టడం నా భవిష్యత్తుకు మంచిది కాదన్నారు. అర స్పిన్ కణాల మీదే తేలిగ్గా అయ్యే ఒక సమస్య ఇచ్చారు. ఏడాదిన్నరలో థీసిస్ పూర్తయింది. అందులో తప్పులు లేవు, కొత్తదనమూ లేదు. డాక్టరేటు వచ్చింది. కాలేజీలో ఉద్యోగం వచ్చింది.

ఆ ఉద్యోగంలో చేరబోయే ముందు లైబ్రరీలో పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. విదేశీ పత్రికలు అప్పట్లో ఓడల మీద నెలల ఆలస్యంగా వచ్చేవి. బల్ల మీద ఉన్న కట్టలోంచి ఊరికే ఒకటి తిరగేస్తున్నాను. ఒకటిన్నర స్పిన్ అన్న మాట కనపడి ఆగాను. వాళ్ళు వచ్చిన దారి వేరు. పరిక్షేపణం గురించి కాదు, సమీకరణం పునాది గురించే రాశారు. అయినా మూడో పుటలో అదే రాశి ఉంది. ఒకటి, మైనస్, క్షేత్రం బలానికి వర్గం. ముందున్న భిన్నం కూడా అదే. దాని కింద, కాబట్టి ఈ సమీకరణం విద్యుదయస్కాంత క్షేత్రంలో నిలవదని రాసి ఉంది. నేను దాన్ని నిలబడే చదివాను. కూర్చోవాలని కూడా తోచలేదు. లైబ్రేరియన్ వచ్చి బల్ల మూసే వేళయిందని చెప్పేదాకా ఆ పుట మీదే చెయ్యి పెట్టుకుని ఉన్నాను.

ఆ రోజులకూ ఈ రోజులకూ తేడా లెక్క చేసే వేగంలో ఉందని అందరూ అంటారు. ఆ యువకుడు కూడా అదే అన్నాడు, పాపం మీరు ఎంత కష్టపడ్డారో అని. కష్టం నాకు గుర్తే లేదు. పొద్దుటి గాలి లేవకముందు పలకల మీద సుద్ద కీచుమనడం గుర్తుంది, రాగం ఆగినప్పుడు బిగబట్టిన ఊపిరి గుర్తుంది. ఇప్పటివాళ్ళకు యంత్రం మైనస్ అని చెబితే నమ్ముతారు, అది సరిచూసిందని ఎవరి ముందైనా ధైర్యంగా చెబుతారు. యంత్రం ఏ ఊరిదో, ఎంతవరకు చదివిందో ఎవరూ అడగరు. నా దగ్గర అంతకంటే గట్టిగా సరిచూసిన మనిషి ఉండింది. ఆ మనిషి పేరు చెప్పడానికి నోరు రాలేదు. నాకు ఈ రోజుకీ మింగుడుపడనిది అదొక్కటే. నాకు పేరు రాలేదనీ పత్రికలో పడలేదనీ మొదట్లో కొన్నేళ్ళు కుమిలాను. అది తగ్గింది. ఇది తగ్గలేదు.

పత్రిక చూసిన వారంలోనే ఊరికి వెళ్ళాను. ఆ మూడు పుటలు చేత్తో రాసుకుని తీసుకెళ్ళాను. దారంతా ప్రొఫెసరు గారిని మనసులో తిడుతూనే ఉన్నాను. మా చేతిలోకి ముందుగా వచ్చినదాన్ని పారేయించాడని, ఆడపిల్ల లెక్క కదా అని చులకన చేశాడని, ఇంకా ఏమేమో. అత్త బళ్ళో ఉంటే అక్కడికే వెళ్ళాను. మధ్యాహ్నం, పిల్లలు అన్నాలకు ఇళ్ళకు పోయారు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని సద్దన్నం తింటోంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఎడమ చేత్తో ఆ కాగితాలు తీసుకుని, ఆ రాశి దగ్గరికి వచ్చి, మైనస్ కింద గోరు పెట్టి చూసింది. ముఖంలో ఏ సంతోషమూ కనిపించలేదు. సరిగ్గా వచ్చిన లెక్కను చూసినట్టే చూసింది. నేను మాత్రం ఆగలేదు, ఆయన వల్లే ఇదంతా అని చెబుతూనే ఉన్నాను.

అన్నం గిన్నె పక్కన పెట్టి, "నా పట్టీ చూసి ఏమన్నాడు?" అని అడిగింది.

చూపించలేదని చెప్పాను.

"ఇంకొకరు చేసినారా అని అడగలేదా?"

అడిగారన్నాను.

"ఏం చెప్పినావు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకు తెలిసే అవకాశం కూడా లేదు. కానీ తప్పు దారిన వచ్చిన జవాబుకు సున్నా వేసే మనిషి ముందు నిలబడి నాకు ఇంకో దారి తోచలేదు.

"ఎవరూ చేయలేదని చెప్పాను, అత్తా."

బయట పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. ఆమె చెంబులో నీళ్ళతో చెయ్యి కడుక్కుని, చీర చెంగుకు తుడుచుకుని, నేను తెచ్చిన కాగితాలు మడతపెట్టి నా చేతికిచ్చింది.

"అయితే ఆయన మీద కోపమెందుకు కృపా? నువ్వు చెప్పిందే గదా ఆయన నమ్మినాడు" అని, లేచి గంట కొట్టడానికి వెళ్ళింది.